అవ్వ ఆల్బమ్‌తో స్త్రీవాద కొలాజ్: కత్తెర ఎక్కడ పెట్టాలి

మీ ప్రశ్న మొత్తం చదివాను. అవ్వగారింట్లో ఒక ఆల్బమూ, 1950ల నుంచి 70ల దాకా వచ్చిన వారపత్రికల కట్టలూ దొరికాయన్నారు. వాటిలోని బొమ్మలు కోసి, కలిపి అతికించి ఆడతనం మీద కొలాజ్‌లు మొదలుపెట్టారు. డ్రాయింగ్ మాస్టారు చూసి ‘‘బాగుండాయి గానీ అతికించేది కళ ఎట్లవుతుందమ్మా’’ అన్నారు. పెదనాన్నేమో ‘‘ఇంట్లో ఆడోళ్ల ఫోటోలు బజార్న పెడతావా’’ అన్నారు. ఒరిజినల్స్ కోయొచ్చా, ఇంకా బొమ్మలు ఎక్కడ వెతకాలి, చట్టం ఏమంటుంది అని కూడా అడిగారు. నేనూ తిరుపతిలోనే ఉంటాను. చాన్నాళ్లుగా ఇదే పని చేస్తున్నాను, నేర్పిస్తున్నాను. కాబట్టి రోంత వివరంగానే రాస్తాను.

మీరు పెట్టిన కొలాజ్‌లు చూశాను. ముఖాల చుట్టూ పూలు, సీతాకోకచిలుకలు, వెనక పాత ఉత్తరాల చేతిరాత. చేతిలో నేర్పు ఉంది. కానీ ఆ ఫోటోలు ట్రంకుపెట్టెలో ఉన్నప్పుడు ఏం చెప్పేవో, కొలాజ్ అయ్యాక కూడా అదే చెబుతున్నాయి: ఆడది మెత్తగా, ఓర్పుగా, చూడముచ్చటగా ఉంటుందని. మీ పూలు ఆ మాటకే వంత పాడుతున్నాయి. పాత ఫోటోలో మనిషి ఆమే, భంగిమ మాత్రం ఇంకెవరో అడిగి పెట్టించింది. ఎవరు అడిగారు, ఎవరికి చూపించడానికి అడిగారు అన్నది ముందు కనుక్కోండి. కత్తెర అక్కడ పెట్టండి. స్త్రీవాద కొలాజ్‌కూ అలంకారానికీ తేడా నాకు తెలిసినంతలో ఇదే.

పూలజడ ఫోటోనే తీసుకోండి. మన వైపు ఏ ఇంటి ఆల్బమ్ తిరగేసినా ఒకటైనా కనిపిస్తుంది. పిల్ల పెద్దమనిషి అయినప్పుడో, కడుపుతో ఉన్న కూతురికి సీమంతం చేసినప్పుడో జడ నిండా మల్లెలూ కనకాంబరాలూ కుట్టి, పూలు వాడక ముందే స్టూడియోకి తీసుకెళ్లేవాళ్లు. స్టూలు మీద కాస్త పక్కకు తిప్పి కూర్చోబెట్టి, వెనక నిలువుటద్దం ఏటవాలుగా పెట్టేవాళ్లు. ముఖమూ పడాలి, జడా పడాలి. వెనక పరదా మీద గీసిన స్తంభాలు, మెట్లు. పక్కన స్టాండు మీద పూలకుండీ. ఇప్పుడు ఎవరు ఎవర్ని చూస్తున్నారో గమనించండి. పిల్ల కెమెరాను చూస్తోంది. కెమెరా పిల్లనీ, అద్దాన్నీ చూస్తోంది. అద్దం ఆమె వీపును మనకు చూపిస్తోంది. అంత పెద్ద అద్దం పక్కనే ఉన్నా, ఆ పిల్ల తనను తాను చూసుకునే చోటు ఆ ఫోటోలో ఎక్కడా లేదు.

ఇది గమనించాక కోత ఎక్కడో మీకే తెలుస్తుంది. అద్దాన్ని మాత్రం కోసి తీసేసి ఆ చోటును ఖాళీగా వదిలితే ఒక అర్థం. అద్దంలో జడ తీసేసి ఫోటోగ్రాఫర్‌నూ, అతని వెనక నిలబడి ‘‘తల రోంత ఎత్తు’’ అంటున్న పెద్దవాళ్లనూ పెడితే ఇంకో అర్థం. అదే మనిషి నడివయసులో పొయ్యి ముందో, పొలం గట్టు మీదో అనుకోకుండా కెమెరాకు చిక్కిన ముఖాన్ని పెడితే అది ఇంకా వేరు. నా దగ్గర నేర్చుకునేవాళ్లకు నేను మొదట ఇచ్చే పని ఇదే. ఒకే పూలజడ ఫోటోకు కొన్ని నకళ్లు తీసి, ప్రతి దానిలో అద్దాన్ని ఒక్కదాన్నే మార్చమంటాను. ఇంకేదీ ముట్టుకోకూడదు. పూలూ రంగులూ చేతికి దూరమైతేనే కన్ను ఫోటోను చదవడం మొదలుపెడుతుంది. మీరూ ఈ వారం అదొక్కటే చేయండి.

పెళ్లిచూపులకు పంపిన ఫోటోలు, పెళ్లయిన కొత్తలో భర్త కుర్చీలో కూర్చుంటే పక్కన భుజం మీద చెయ్యేసి నిలబడ్డ ఫోటోలు కూడా ఇదే పద్ధతిలో చదవొచ్చు. ఆ చెయ్యిని, ఆ కుర్చీని విడివిడిగా కోసి చూడండి, మిగతాది మీకే తోస్తుంది.

మాస్టారి మాట మీద కోపం పెట్టుకోవద్దు. జవాబు మాత్రం మీ దగ్గర ఉండాలి. ఇంగ్లండ్‌లో మేరీ డిలేనీ అనే ఆవిడ డెబ్బై దాటిన వయసులో, 1770లలో, రంగు కాగితాలు సన్నగా కత్తిరించి అతికించి పూలమొక్కలు చేయడం మొదలుపెట్టారు. దాదాపు వెయ్యి చేశారు. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కొలాజ్‌ను 20వ శతాబ్దంలో మగ చిత్రకారులే కనిపెట్టారని చెప్పే చరిత్రలు ఆమెను కాలక్షేపం లెక్కలో వేశాయి. 1977–78లో అమెరికాలో మిరియం షపీరో, మెలిస్సా మేయర్ అనే ఇద్దరు చిత్రకారిణులు ఈ సంగతే పట్టుకున్నారు. ఆడవాళ్లు ఇళ్లలో దాచి, కుట్టి, అతికించి చేసిన పనులన్నిటికీ కలిపి ‘ఫెమాజ్’ అని పేరు పెట్టారు, అది కళేనని వాదించారు.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. 1894లో బొంబాయిలో రవివర్మ ప్రెస్సు మొదలయ్యాక లక్ష్మి, సరస్వతి పటాలు దక్షిణాదిలో ఇల్లిల్లూ చేరాయి. ఆ పటాల మీద అమ్మవారి చీరకు నిజం బట్ట, అంచుకు జరీ, నగలకు పూసలూ చమ్కీలూ అతికించి, అద్దం కట్టించిన పటాలు మీరు చూసే ఉంటారు. అచ్చయిన బొమ్మ తీసుకుని, దాని మీద తన చేత్తో ఇంకో పొర వేయడం. పేరు సంతకం చేయని పని అది. మీ మాస్టారికి అలాంటి పటం ఒకటి చూపించి మాట్లాడండి.

హానా హోక్ గురించి తప్పక తెలుసుకోండి. బెర్లిన్‌లో డాడా అనే తిరుగుబాటు కళాకారుల బృందంలో ఉన్న మహిళ. 1916 నుంచి 1926 వరకు ఉల్‌స్టైన్ అనే పెద్ద ప్రచురణ సంస్థలో ఆడవాళ్ల పత్రికలకు అల్లికల, కుట్టుపనుల నమూనాలు గీసేవారు. అంటే ఆడతనం ఎలా ఉండాలో అచ్చువేసే చోటే ఉద్యోగం. ఆ పత్రికల్నే కోసి, 1919లో వంటింటి కత్తి పేరు పెట్టి ఒక పెద్ద ఫోటోమాంటేజ్, అంటే అచ్చయిన ఫోటోల ముక్కలతో కొలాజ్, చేశారు. రాజకీయ నాయకులు, యంత్రాలు, నర్తకీమణులు కలగాపులగంగా ఉండే ఆ బొమ్మలో కింద కుడిమూలన చిన్న మ్యాపు ఉంటుంది. ఐరోపాలో ఆడవాళ్లకు ఓటున్న దేశాలవి. జర్మనీ స్త్రీలు మొదటిసారి ఓటేసింది 1919 జనవరిలో. మన పాత చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఇక్కడి స్త్రీలకు 1921లో ఓటు వచ్చింది, అదీ ఆస్తీ అర్హతా ఉన్న కొద్దిమందికి. మీ అవ్వ వాళ్ల అమ్మ ఫోటో ఏ సంవత్సరానిదో తెలిస్తే, ఆ ఏడాది ఆమెకు ఏ హక్కు ఉంది, ఏది లేదు అని పక్కన రాసిపెట్టుకోండి. కొలాజ్‌లో అది అక్షరాలుగా కనిపించకపోయినా పనిలో కనిపిస్తుంది.

ఇక మీ పత్రికల కట్టలు. వాటిలో కథల బొమ్మల కన్నా ప్రకటనలు ముందు చూడండి. తెలుగు పత్రికలకూ మందుల వ్యాపారానికీ చాలా పాత చుట్టరికం. 1893లో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావుగారే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. స్త్రీల కోసం ‘లోధ్ర’ మందు అమ్మిన కేసరి కుటీరం కె.ఎన్. కేసరిగారే 1928లో మద్రాసు నుంచి గృహలక్ష్మి మాసపత్రిక తెచ్చారు. ఆ పత్రిక ఎందరో రచయిత్రులకు చోటిచ్చింది, స్వర్ణకంకణంతో గౌరవించింది. ఆడవాళ్ల అక్షరానికి వేదిక వేసిన చేయీ, ఆడవాళ్ల ఒంటికి మందమ్మిన చేయీ ఒకటే కావడం మీలాంటి వాళ్లకు పెద్ద ఆసరా. సీసా పక్కన నిలబెట్టిన స్త్రీ బొమ్మలో ముఖం ఎలా గీశారు, నొప్పి ఎక్కడ దాచారు, ‘గృహిణి’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చింది చూడండి. కెన్యాలో పుట్టిన చిత్రకారిణి వంగేచి ముటూ 19వ శతాబ్దపు గర్భాశయ వ్యాధుల వైద్య చిత్రాలను నేలగా పరిచి, వాటి మీద ఫ్యాషన్ పత్రికల కళ్లూ పెదవులూ అతికించి ముఖాలు చేశారు. డాక్టరు చూపు, మార్కెట్టు చూపు రెండూ ఒకే ముఖం మీద కూర్చుంటాయి. మీ దగ్గరున్న మందుల ప్రకటనలు, పాత ప్రసూతి పుస్తకాల బొమ్మలు కలిపి ఆలోచించండి. అవి ముటూ నకలు కాకుండా మనవి అవుతాయి, ఎందుకంటే వాటిలోని నుదుట బొట్టూ, కొంగూ, అచ్చుతెలుగు భరోసా మాటలూ ఇంకెక్కడివీ కావు.

ఇక జుట్టు. ఈ ఊళ్లో ఉండి జుట్టు మీద కొలాజ్ చేయకపోతే నాకు లోటుగా అనిపిస్తుంది. పత్రికల్లో తలనూనె ప్రకటనల నిండా మోకాళ్ల దాకా జడలు. అలిపిరి దాటి పైకెళ్తే కళ్యాణకట్టలో రోజూ ఎందరో ఆడవాళ్లు తలనీలాలు ఇస్తారు. అయినా మన ఆల్బమ్‌లలో గుండుతో ఉన్న పిల్లల ఫోటోలు బోలెడు దొరుకుతాయి, గుండుతో ఉన్న పెద్ద ఆడవాళ్ల ఫోటోలు నాకు అరుదుగానే కనిపించాయి. మొక్కు తీర్చుకున్నారు, ఫోటో దిగలేదు. జుట్టు పెరిగేదాకా ఆగి దిగారు. ఇంకోవైపు అదే గుండు వితంతువుకు శిక్షగా వేసిన కాలం ఉంది. పాత చిత్తూరు జిల్లా తరిగొండలో పుట్టిన వెంగమాంబ బాల్యంలోనే భర్తను పోగొట్టుకుని కూడా శిరోముండనానికి ఒప్పుకోలేదు, కవిత్వం రాసుకుంటూ తిరుమల చేరారు. 1817లో కన్నుమూశారు, అంటే ఫోటోగ్రఫీ రాకముందే. కాబట్టి ఈరోజు మనం చూసే ఆమె బొమ్మలన్నీ తర్వాతివాళ్ల ఊహలు. ఆ ఊహల్లో ఆమె జుట్టు ఎలా ఉంది, కొంగు ఎక్కడిదాకా కప్పారు అన్నది పోల్చి చూస్తే చాలు, ఒక వరస పని తయారవుతుంది. అమెరికాలో లోర్నా సింప్సన్ అనే కళాకారిణి ఎబొనీ, జెట్ పత్రికల్లోని నల్లజాతి స్త్రీల తలలు మాత్రం కోసి, జుట్టున్న చోట రంగుసిరా పొరలు, రత్నాల రాళ్ల బొమ్మలు పెట్టారు. ముఖాలు ప్రకటనల్లో ఉన్నట్టే ఉంటాయి, జుట్టు మాత్రం ఎవరి అదుపులోనూ లేనట్టు లేస్తుంది. చూడండి, కానీ సిరా పొరలు మీరు వేయొద్దు. మీ దగ్గర గుండు ఉంది, పూలజడ ఉంది, మొక్కు ఉంది.

గంగమ్మ జాతర ఫోటోలు కూడా వెతకండి. తాతయ్యగుంట గంగమ్మకు మే నెలలో జరిగే జాతరలో మగవాళ్లు చీరకట్టి, జడ వేసి, నగలు పెట్టుకుని మొక్కు చెల్లిస్తారు. అలా మగవాళ్లు వేసే మాతంగి వేషం ఫోటో ఒకటీ, అదే కాలంలో స్టూడియోలో దిగిన పెళ్లికూతురి ఫోటో ఒకటీ పక్కపక్కన పెట్టండి. చీర కుచ్చెళ్లు, వడ్డాణం, జడకుప్పెలు అవే. ఆడతనం ఒంట్లోంచి వస్తుందా, అలంకారంగా కట్టుకుంటారా అన్న ప్రశ్న సిద్ధాంతాల పుస్తకం తెరవకుండానే మీ బల్ల మీదికొస్తుంది. జాతర చివర గుడి ముందు మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపాన్ని భంగపరిచి, ఆ మట్టిని జనం ప్రసాదంగా ఇళ్లకు తీసుకెళ్తారు. రూపాన్ని ముక్కలు చేయడం అగౌరవమని ఎవరైనా మీతో వాదిస్తే ఇది గుర్తు చేయండి. వేషం వేసినవాళ్ల భక్తిని మాత్రం నవ్వులాట చేయకూడదు. ఈ విషయంలో నేను గట్టిగా ఉంటాను.

అంతకన్నా గట్టిగా ఉండాల్సిన చోటు ఇంకొకటుంది. పాత బొమ్మలు వెతికేటప్పుడు మీకు ఎడ్గర్ థర్‌స్టన్ ఏడు సంపుటాలు తగులుతాయి, 1909 నాటివి. ఆయన మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు, మనుషుల ముక్కులూ తలలూ కొలపరికరాలతో కొలిచి కులాల వారీగా లెక్క రాశాడు. అలాంటి పుస్తకాల్లో, ఆ కాలపు పోస్టుకార్డుల్లో మన ప్రాంతపు గిరిజన స్త్రీలు, దేవదాసీలు రకాలుగా, నమూనాలుగా నిలబడి ఉంటారు. పేర్లు ఉండవు. వాళ్లలో చాలామందిని అడిగి తీసిన ఫోటోలు కావవి. ఒంటి మీద బట్ట సరిగా లేని ఫోటోను ‘విమర్శ కోసమే’ అని మళ్లీ పెద్దది చేసి గోడకు పెడితే, ఆ మనిషిని రెండోసారి నిలబెట్టినట్టే. నేనైతే ఆ ఫోటోల్లో మనిషిని కప్పేస్తాను, కొలబద్దనూ, వెనక తెరనూ, కింద రాసిన వివరాన్నీ ఉంచుతాను. బెంగళూరు చిత్రకారిణి పుష్పమాల ఎన్. ఇంకో దారి పట్టారు. 2000–2004 మధ్య ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి రవివర్మ బొమ్మల్లోని స్త్రీలనూ, గళ్ల తెర ముందు కొలతలకు నిలబెట్టిన నీలగిరి తోడా తెగ స్త్రీనీ, సినిమా భంగిమలనూ తన ఒంటి మీదే వేసుకుని ఫోటోలు దిగారు. ఇంకొకరి ఒంటిని వాడుకునే బదులు తన ఒంటిని ఇచ్చారు. అది కొలాజ్ కాకపోయినా మీ పనికి దగ్గరి చుట్టం.

బొమ్మలు ఎక్కడ దొరుకుతాయి అన్నారు. పాత తెలుగు పత్రికలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో, ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన వాటిలో చాలా ఉన్నాయి. కాగితం చూడాలంటే వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం. మద్రాసు మనకు దగ్గరే కాబట్టి రోజా ముత్తయ్య గ్రంథాలయానికి ఒకసారి వెళ్లిరండి, తమిళమే ఎక్కువైనా ఆ కాలపు ప్రకటనల ప్రపంచం ఒకటే. ఊళ్లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ, ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలోనూ అడగండి. పాత పేపర్ల అంగళ్లు వదలొద్దు. మూతబడుతున్న ఫోటో స్టూడియోల వాళ్లను మర్యాదగా అడిగితే ఎవరూ తీసుకెళ్లని ఫోటోలు, నెగెటివ్‌లు చూపిస్తారు. చూడండి, నోట్ చేసుకోండి. ఆ ఇళ్లవాళ్లు తెలియకుండా వాడకండి.

ఒరిజినల్స్ కోయొద్దు. కుటుంబ ఫోటోలైతే అసలే వద్దు. 600 డీపీఐలో స్కాన్ చేయండి, బొటనవేలంత ఫోటో అయితే 1200లో. వెనకవైపు కూడా స్కాన్ చేయండి; స్టూడియో ముద్ర, తేదీ, ‘‘పెద్దమ్మాయి’’ అని పెన్సిలుతో రాసినవి అక్కడే ఉంటాయి, ఒక్కోసారి ముందున్న ఫోటో కన్నా ఎక్కువ చెబుతాయి. జిగురు పేజీలూ ప్లాస్టిక్ పొరా ఉండే ఆల్బమ్‌లు ఫోటోలను తినేస్తాయి. గోరుతో లాగకుండా, డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫోటో కిందుగా మెల్లగా జరుపుతూ విడదీయండి. నకళ్లను పిగ్మెంట్ ఇంకుతో, యాసిడ్ లేని మ్యాట్ కాగితం మీద ప్రింట్ చేయించండి. పత్రికల బొమ్మల్లో అచ్చు చుక్కలు ఉంటాయి. స్కానర్‌లో వాటిని చెరిపేసే సదుపాయం ఉంటుంది, వాడకండి. పెద్దది చేసినప్పుడు చుక్కలున్న ముఖం బజారు కోసం అచ్చయిందనీ, చుక్కల్లేనిది ఇంటి కోసం దిగిందనీ చూసేవాళ్లకు మాట అవసరం లేకుండా తెలుస్తుంది.

కోతకు 11 నంబరు సర్జికల్ బ్లేడు కత్తెర కన్నా మేలు. జిగురు విషయంలో మిథైల్ సెల్యులోజ్ కానీ, బాగా ఉడికించిన గోధుమ పిండి గంజి కానీ వాడండి. బైండింగు అంగళ్లలో మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. ఆ రాగి కాలక్రమాన కాగితాన్ని చెడగొడుతుంది, మీకు వద్దు. ఒకవైపే అతికిస్తే అట్ట వంగుతుంది, వెనక కూడా అంతే బరువు కాగితం అతికించి, బరువు కింద రాత్రంతా ఉంచండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో ఏదీ సరిగా ఆరదు. ఆ నెలల్లో స్కానింగూ, చదువూ పెట్టుకోండి.

ఇక పెదనాన్న మాట. ఆయన భయాన్ని కొట్టిపారేయకండి. చట్టం సంగతి ముందు చెబుతాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అచ్చయిన ఫోటోకు, అది వచ్చిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. చేత్తో గీసిన బొమ్మకు చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు. కాబట్టి 1950ల పత్రికల్లోని ఫోటోలు చాలావరకు వాడుకోవచ్చు, కథలకు వేసిన రంగుల బొమ్మలతో జాగ్రత్త. డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే తొలి హక్కుదారులు. అంటే మీ ఆల్బమ్ మీ కుటుంబానిది. అయితే ఆ హక్కు డబ్బిచ్చినవాళ్లది. ఫోటోలో కూర్చున్న మనిషి ఇష్టం గురించి ఈ కాపీరైట్ లెక్కలో మాట లేదు, దాన్ని మీరే అడిగి తెలుసుకోవాలి.

బతికున్న ప్రతి ఒక్కరినీ విడిగా అడగండి, మగవాళ్లు లేనప్పుడు. అవ్వ ఉంటే ఆల్బమ్ ఆమె ఒళ్లో పెట్టి, ఒక్కో ఫోటో దగ్గర ‘‘ఇట్ల కూర్చోమని ఎవురు చెప్పినారు’’ అని అడిగి, ఆమె మాటను ఫోన్‌లో రికార్డు చేయండి. వద్దన్న ఫోటోను పక్కన పెట్టండి. పోయినవాళ్ల విషయంలో వాళ్ల కూతుళ్లనూ కోడళ్లనూ అడగండి. నేను కొలాజ్ వెనక ప్రతి ముక్కకూ ఎక్కడిది, ఏ ఏడాదిది, ఎవరు సరేనన్నారు అని రాసిపెడతాను. మీరూ మొదటి పని నుంచే రాయండి, తర్వాత గుర్తుండదు. పెదనాన్నకు ఆ వెనక వైపు చూపించండి. అవ్వ స్వయంగా సరే అన్నదని రాసి ఉంటే ఆయన మాట్లాడాల్సింది మీతో కాదు, వాళ్లమ్మతో.

అద్దం కసరత్తు అయ్యాక ఇక్కడే పెట్టండి, ఒక్కొక్కటీ చూసి చెప్తాను.